చెవిలోని పియానో, శాలలోని పియానో

విద్యార్థులారా! నిరుడు డిసెంబరు మాసమున మన సభాశాలలో జరిగిన సంగీత కార్యక్రమమునకు మీలో అనేకులును, మీ తలిదండ్రులును వచ్చియుండిరి. పూర్వవిద్యార్థులు మన పాఠశాలకు బహూకరించిన డిజిటల్ పియానోను పదిమంది యెదుట వాయించుట అదే మొదటిసారి. తొమ్మిదవ తరగతి బాలిక యొకతె వాయించినది. అది బాగుండలేదని మీరందరు నెరుగుదురు. ఏల బాగుండలేదో ఆనాడు మనలో నెవ్వరికిని తెలియదు. తెలియకుండియు నేనొక మాట యంటిని. ఆ మాటను సభలోనివారు వినిరి గనుక, దాని తరువాతి కథను గూడ అందరును చదువు ఈ పత్రికలోనే వ్రాయుట న్యాయమని తలంచుచున్నాను. ఇందు ధ్వనిశాస్త్రము ఎక్కువ, కథ తక్కువ. అయినను విసుగు చెందక చదువుడు.

ఆ పియానోను మనము పుస్తక భాండాగారము ప్రక్కగదిలో నుంచితిమి. సాయంకాలమున ఆ వేళకే వసతిగృహపు పిల్లలు ప్రక్కన చదువుకొనుటకు కూర్చుందురు. కావున ఆ బాలిక హెడ్‌ఫోనులు తగిలించుకొని, దినమునకు అరగంట చొప్పున ఎనిమిది వారములు అభ్యాసము చేసినది. హెడ్‌ఫోనుల పిన్నును దూర్చగానే ఆ వాద్యము తన స్పీకర్లను తానే మూసికొనును. అప్పుడు ప్రక్కవారికి వినబడునది మెట్ల చప్పుడు మాత్రమే. దూరమున నెవ్వరో అటుకులు దంచుచున్నట్లుండును. మన కావలివాడు ఒకనాడు నాతో, "అయ్యగారూ, ఆ పాప మ్రోగని పెట్టెను రోజూ కొట్టుతూ ఉన్నదేమండి?" అని యడిగెను. నేను నవ్వి, హెడ్‌ఫోనులను అతని చెవులకు బెట్టితిని. అతడు ఉలికిపడి, చుట్టును జూచి, "ఇది నా తలకాయలోనుంచి వస్తున్నదండీ!" యనెను. ఆ మాటను నేను ఆనాడే పట్టుకొనియుండవలసినది, పట్టుకొనలేదు.

కార్యక్రమమునకు మైకుసెట్టు తెప్పించితిమి. మన పియానో చిన్నది, ఇండ్లలో వాడుకొను తరగతికి చెందినది. వెలుపలి యంత్రములకు ధ్వని నందించుటకు దానికి ప్రత్యేకమైన రంధ్రము లేదు. హెడ్‌ఫోనుల రంధ్రమే దారి. మైకుసెట్టు అబ్బాయి తనయొద్దనున్న పొడవాటి తీగ నొకదానిని తీసి, ఒక కొనను ఆ రంధ్రమునందును, రెండవ కొనను తన మిక్సరులో మైకులకుండు రంధ్రములలో నొకదానియందును దూర్చెను. ధ్వని వచ్చినది. వచ్చినది గదా యని అందరము తృప్తి చెందితిమి. బాలిక వాయింప నారంభించెను. ఎడమచేతి మంద్రస్వరములును, మిక్కిలి పైనున్న తారస్వరములును వినవచ్చినవి గాని, పాట నడచు నడిమి స్వరములు కుండలో మాటాడినట్లు బోలుగా, సన్నముగా, ఎక్కడనో దూరమున వినబడినవి. గట్టిగా నొక్కుమని నేను ముందు వరుసనుండి చేయి చూపితిని. ఆమె గట్టిగా నొక్కినది. మెట్ల చప్పుడు హెచ్చినది గాని పాట హెచ్చలేదు. రెండవ చరణము నొద్ద ఆమె వ్రేళ్లు తడబడినవి. అంతయు ముగిసిన తరువాత, పదిమంది వినుచుండగా, "అభ్యాసము చాలలేదమ్మా" అంటిని. ఆమె, "నా చెవులలో ఇట్లా వినబడలేదు మాస్టారూ" అని మాత్రము చెప్పి, పుస్తకము తీసికొని వెడలిపోయెను. మరునాటినుండి ఆ గదికి రాలేదు. వాద్యమే చెడినదనియు, దానిని అమ్మివేసి రెండు మంచి హార్మోనియములు కొనవచ్చుననియు కొందరు పెద్దలు సలహా చెప్పిరి.

ఆ బాలిక మాటను నేను సాకుగా నెంచితిని. కొన్ని దినములు గడచిన పిమ్మట గాని, సరిగా గమనించినవారు మాత్రమే చెప్పగల మాట యది యని నాకు తోచలేదు. ఒకే వాద్యము చెవిలో నొక విధముగను, శాలలో వేరొక విధముగను ఏల వినబడవలెను? ఈ ప్రశ్నను పట్టుకొని పోయినచో ధ్వనిశాస్త్రములో సగము పాఠములు దారిలో తగులును.

పియానోను 1700 ప్రాంతమున ఇటలీ దేశమందలి ఫ్లారెన్సు నగరమున బార్తొలొమేయో క్రిస్తోఫోరి అను వాద్యనిర్మాత కల్పించెను. తీగను మీటక, తోలు తొడిగిన చిన్న సుత్తితో కొట్టుట దాని విశేషము. నేటి పియానోకు 88 మెట్లు. అన్నిటికంటె క్రింది మెట్టు సెకండునకు 27.5 కంపనములను, అన్నిటికంటె పైది సుమారు 4,186 కంపనములను బుట్టించును. తీగలు సన్ననివి, అవి తామై గాలిని ఎక్కువగా కదలింపజాలవు. వాటి కంపనమును విశాలమైన పలుచని చెక్కపలక యొకటి అందుకొని, తానంతయు కంపించి గదిని నింపును. వీణకు కుండయు, ఫిడేలుకు పెట్టెయు జేయు పని పియానోకు ఆ పలక చేయును. అనగా పియానో ధ్వని ఒక చోటినుండి వచ్చునది కాదు. బల్లయంత వెడల్పుగల పలకనుండి నలుదిక్కులకు వచ్చునది.

మన కృష్ణా డెల్టా గాలి ఇట్టి వాద్యములకు బొత్తిగా సరిపడదు. వానకాలపు తేమకు చెక్క ఉబ్బును, వేసవి యెండకు బిగియును, శ్రుతి నిలువదు, తీగలకు త్రుప్పు, కొయ్యకు చెదలు. ఈ ప్రాంతమున చర్చీలలోను పాఠశాలలలోను హార్మోనియము వాడుకకు వచ్చుటకు అదియు నొక కారణము. 1842లో పారిసునందు దెబ్యాన్ అను నతడు హక్కు పొందిన ఆ వాద్యము కలకత్తాలో చేతితిత్తి గలదై, మన దేశమంతట వ్యాపించెను. ఆలిండియా రేడియోవారు 1940లో హార్మోనియమును నిషేధించిరి. 1971 వరకు ఆ నిషేధము నడచినది. 1948 డిసెంబరు 1వ తేదీన ప్రారంభమైన విజయవాడ రేడియో కేంద్రము హార్మోనియము లేకయే కన్ను తెరచెను. అదే వేళ ఊరిలోని నాటకశాలలలో పద్యమునకు హార్మోనియమే ప్రాణము. వాద్యము మంచిదా చెడ్డదా యను తీర్పు వినువారు కూర్చున్న చోటును బట్టియు మారుచుండును గాబోలు.

డిజిటల్ పియానోలో తీగలు లేవు, పలక లేదు, సుత్తులు తీగను తాకుట లేదు. మంచి పియానో నొకదానిని శ్రుతి చేసి, ఒక్కొక్క మెట్టును మెల్లగను గట్టిగను పలు విధముల నొక్కి, ఆ ధ్వనులను మైకులతో పట్టి, అంకెలుగా మార్చి దాచుదురు. 1982లో వెలువడిన కాంపాక్టు డిస్కులో ధ్వనిని సెకండునకు 44,100 మార్లు కొలిచి వ్రాసిరి. ఇందును ఆ పద్ధతియే. మీరు మెట్టు నొక్కినప్పుడు అది క్రిందికి దిగిన వేగమును యంత్రము కొలిచి, తగిన ధ్వనిని ఎన్నుకొని పలికించును. ఆ ధ్వనులను పట్టునప్పుడు ఒక మైకు గాక, ఎడమ కొకటి కుడి కొకటి యుంచుదురు. వాయించువాడు కూర్చున్న చోటినుండి చూచినచో మంద్రపు తీగలు ఎడమవైపునను, తారపు తీగలు కుడివైపునను ఉండును. నడిమివి రెండు మైకులకును ఇంచుమించు సమదూరమున నుండును. ఈ యొక్క సంగతిని జ్ఞాపకముంచుకొనుడు; తరువాత పని యున్నది.

ఇక చెవుల సంగతి. సాయంత్రము బందరు కాలువ గట్టున నిలిచి, నీటిలో పాతిన గుంజ నొకదానిని చూడుడు. పడవ పోయినప్పుడు లేచిన పెద్ద అల ఆ గుంజను లెక్కచేయక చుట్టుకొని సాగిపోవును. గాలికి లేచిన చిరుతరగ మాత్రము గుంజకు తగిలి, దాని వెనుక చిన్న నీడవలె ప్రశాంతమైన నీటిని విడుచును. ధ్వనియు నిట్టిదే. మన వేసవి గాలిలో ధ్వని సెకండునకు సుమారు 350 మీటర్లు పోవును. కావున పియానో క్రింది మెట్టు తరంగదైర్ఘ్యము 350ని 27.5చే భాగింపగా 12.7 మీటర్లు, పై మెట్టుది 8.4 సెంటీమీటర్లు మాత్రమే. మన తల ఆ గుంజవంటిది. మంద్రము తలను చుట్టుకొని రెండవ చెవికి చేరును. తారము తల నీడలో తగ్గిపోవును. అదిగాక ఒక ప్రక్కనుండి వచ్చిన ధ్వని రెండవ చెవికి కొంచెము ఆలస్యముగా చేరును. ఆ యాలస్యము ఎంత హెచ్చైనను సెకండులో వేయవ వంతు లోపే. అంత సూక్ష్మమైన తేడాను మెదడు పట్టుకొని, ధ్వని యే దిక్కునుండి వచ్చినదో నిర్ణయించును. మంద్రమునకు ఆలస్యమును, తారమునకు నీడను ఆధారముగా గొందుమని లార్డు రేలీ పండితుడు 1907లో వివరించెను.

స్పీకరు గదిలో మ్రోగినప్పుడు ఎడమ స్పీకరు ధ్వని ఎడమ చెవికే గాక, తలను చుట్టుకొని కుడి చెవికిని చేరును. హెడ్‌ఫోనులలో అట్లు కాదు. ఎడమది ఎడమకే, కుడిది కుడికే. చుట్టుకొనుటకు తల అడ్డము లేదు, నీడ లేదు, గోడలనుండి వచ్చు ప్రతినాదము లేదు. మరియు మీరు తల త్రిప్పినచో గదిలోని పియానో అక్కడనే యుండును. హెడ్‌ఫోనులలోని పియానో మీతోకూడ తిరుగును. తలతో తిరుగు వస్తువు తలలోనే యుండవలెనని మెదడు నిశ్చయించుకొనును. మన కావలివాడు ఏ పుస్తకమును చదువక చెప్పిన సత్యమిదియే. యమహా, రోలండ్, కవాయ్ మొదలగు నిర్మాతలు ఈ లోపమును ఎరిగి, కొన్ని వాద్యములలో బొమ్మతలకు చెవులున్న చోట మైకులనమర్చి పట్టిన ధ్వనిని గాని, ప్రత్యేకముగా సవరించిన ధ్వనిని గాని హెడ్‌ఫోనులకు పంపుదురు. అట్టి వాద్యములలో చెవికిచ్చు ధ్వని స్పీకరునకిచ్చు ధ్వని కంటె మొదటినుండియే వేరు.

మంద్రస్వరముల విషయమై మరియొక చిక్కు గలదు. ఒక స్పీకరు ఒకే బలముతో ఒక స్థాయి క్రిందికి పలుకవలెనన్నచో, దాని పొర నాలుగు రెట్లు ఎక్కువ దూరము ఊగవలెను. 220 కంపనములనుండి 27.5కు మూడు స్థాయిలు. అనగా నాలుగు నాలుగుల పదునారు, పదునారు నాలుగుల అరువదినాలుగు రెట్లు. మన పియానో క్రింద నేలవైపు తిరిగియున్న చిన్న స్పీకర్లకు ఇది సాధ్యము గాదు. అయినను ఆ మెట్టును నొక్కినప్పుడు మనకు మంద్రమే వినబడినట్లు తోచును. ఏలయన, ఏ తీగయు మూలస్వరము నొక్కదానినే పలుకదు. దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు కంపనములు గల అనుస్వరములను గూడ పలుకును. మూలము లుప్తమైనను, అనుస్వరముల వరుసను బట్టి చెవి మూలమును తానే ఊహించుకొనును. చుట్టాల నందరిని చూచి ఇంటి యజమాని యెవరో చెప్పినట్లు! హెడ్‌ఫోనులలో ఈ చిక్కు లేదు. అక్కడ పొరకును కర్ణభేరికిని నడుమనున్న గాలి యొక గ్రుక్కెడే. కావలసిన యెడల హెడ్‌ఫోను మెత్తను చెవినుండి వ్రేలెడంత ఎత్తి చూడుడు. మంద్రము తక్షణమే జారిపోవును.

అనుస్వరముల ప్రసక్తి వచ్చినది గనుక ఒక మాట. మన మృదంగపు మూతకు నడుమ నల్లని కరణి యేల వేయుదురో శాస్త్రరీత్యా వివరించినవారు సర్ సి. వి. రామన్. మామూలు డోలు చర్మమున అనుస్వరములు వరుస తప్పియుండును. ఆ కరణి వాటిని వరుసకు దెచ్చునని 1920లో ఆయనయు, ఆయన సహకారియు ప్రకటించిరి. ఆ మహనీయుడు బాల్యమున విశాఖపట్టణములో చదువుకొన్నవాడు. కరణి వేయు పనివారు ఆయనకు ఎన్నియో తరములకు ముందే చెవితోనే ఈ లెక్క చేసియుండిరి.

గది చేయు మార్పు అన్నిటికంటె పెద్దది. గోలకొండ కోటలో ఫతే దర్వాజా నొద్ద చప్పట్లు కొట్టినచో కొండపైనున్న బాలా హిస్సారునకు వినబడుట మీలో విహారయాత్రకు వెళ్లినవారు చూచినదే. చప్పట్లు అవే చేతులవి. చోటు వాటికి క్రొత్త ప్రయాణము నిచ్చినది. 1895లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున క్రొత్తగా కట్టిన ఉపన్యాసశాలలో మాటలు ఒకదానిమీద నొకటి పడి యెవ్వరికిని అర్థముగాకుండ నుండగా, సబైను అను యువ అధ్యాపకుడు దాని సంగతి చూచుటకు నియమింపబడెను. మాట యాగిన తరువాత నాదము 5 సెకండులకు పైగా నిలుచుచుండెను. ఆయన రాత్రులందు ప్రక్క నాటకశాలనుండి కుర్చీల మెత్తలను మోయించి తెచ్చి, కొన్ని కొన్నిగా పరచి, నాదము ఎంతసేపు నిలుచునో కొలిచెను. ఫలితముగా దొరికిన సూత్రము సులభము: గది ఘనపరిమాణమును (ఘనమీటర్లలో) 0.161చే గుణించి, ధ్వనిని మ్రింగు వైశాల్యముచే భాగింపవలెను. తెరచిన కిటికీ తన వైశాల్యమంతయు మ్రింగును. సున్నపు గోడ ఇంచుమించు ఏమియు మ్రింగదు.

24 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల ఎత్తు గల శాలకు లెక్క కట్టుదము. ఘనపరిమాణము 1,200. ఖాళీగా నున్నప్పుడు మ్రింగు వైశాల్యము 64 చదరపు మీటర్లనుకొన్నచో, నాదము 3 సెకండులు నిలుచును. 300 మంది వచ్చి కూర్చుండిరి. మనిషి యొక్కొక్కరు బట్టలతో గూడ 0.45 చదరపు మీటరు మ్రింగుదురనుకొన్నచో 135 హెచ్చి 199 అగును. నాదము 1 సెకండునకు కొంచెము లోపునకు దిగును. కాబట్టి ఖాళీ శాలలో సాధన చేసి, పెడలును ఎంతసేపు నొక్కవలెనో అలవాటు చేసికొన్నవారు, జనము నిండిన శాలలో అదే విధముగా వాయించినచో పాట యెండిపోయినట్లుండును. హెడ్‌ఫోనులలో సాధన చేసినవారికైతే శాలయే లేదు. వారికి సుత్తి తాకుడు, పెడలు నిట్టూర్పు, మెట్టు విడిచినప్పటి చిన్న సద్దు కూడ స్పష్టముగా వినబడును. శాలలో అవన్నియు ప్రతినాదములో మునిగిపోవును. శాల చివరనున్న వానికి స్పీకరునుండి ధ్వని చేరుటకు 24ను 350చే భాగింపగా 0.07 సెకండు పట్టును. గాయకులు ఒక కొనను, స్పీకరు వేరొక కొనను ఉన్నయెడల ఈ యాలస్యము తాళమునకు తగులును. తీగలేని బ్లూటూతు హెడ్‌ఫోనులలో ఆలస్యము ఇంతకంటెను ఎక్కువ. వాటితో పియానో సాధన చేయకుడు. నొక్కినదొకప్పుడు, వినినదొకప్పుడు నగును.

ధ్వని బలము మారినను నాదగుణము మారునని మరువరాదు. మెల్లని ధ్వనిలో మన చెవి మంద్రమును తక్కువగా వినునని ఫ్లెచరు, మన్సను అను నిద్దరు 1933లో కొలిచి చూపిరి. అందువలననే చాలమంది పిల్లలు హెడ్‌ఫోనులలో మంద్రము నిండుగా రావలెనని ధ్వనిని పెంచుకొనుచు పోవుదురు. స్పీకరునైతే తల్లి వంటయింటినుండి "తగ్గించరా" అని కేకవేయును. హెడ్‌ఫోనులకు ఆ తల్లి లేదు. పిల్లలు వారమునకు 40 గంటలు వినదలచినచో 75 డెసిబెల్సు మించరాదనియు, పెద్దలకు 80 డెసిబెల్సు హద్దనియు ప్రపంచ ఆరోగ్య సంస్థవారు చెప్పుచున్నారు. బలము హెచ్చిన కొలది గంటలు త్వరగా తరిగిపోవును. 90 డెసిబెల్సునకు పెద్దలకైనను వారమునకు 4 గంటలే. కర్ణాంతరమున నశించిన సూక్ష్మకణములు మరల మొలవవు. తలిదండ్రులు ఈ పేరాను రెండుమార్లు చదువవలెనని నా మనవి.

ఈ కారణములన్నియు నిజమే గాని, వీటిలో నేదియు ఆనాటి కుండ ధ్వనికి చాలదు. మంద్రము తగ్గిన తగ్గవచ్చును, ప్రతినాదము హెచ్చిన హెచ్చవచ్చును. నడిమి స్వరములు మాత్రమే మాయమగుట యేమి? జనవరిలో ఒక శనివారము మధ్యాహ్నము నేను ఆ గదికి బోయి, మొదట హెడ్‌ఫోనులతో వింటిని. బాగుండెను. పిన్నును తీసి పియానో స్పీకర్లతో వింటిని. మంద్రము పలుచనైనది గాని, నడిమి స్వరములు చక్కగా నుండెను. వాద్యము చెడలేదు. అటుపిమ్మట మైకుసెట్టు అబ్బాయిని పిలిపించితిని. అతడు డబ్బడుగక, తన మిక్సరును సైకిలుమీద కట్టుకొని వచ్చెను. ఆనాటి తీగనే ఆనాటి విధముగానే తగిలించితిమి. అదే కుండ ధ్వని.

అతడు పిన్నును తీసి నాకు చూపి, "మైకు తీగే గదండీ, రెండు నల్లగీతలు, మూడు భాగాలు, అన్నీ సరిగానే ఉన్నవి" అనెను. చిక్కు అక్కడనే యున్నది. హెడ్‌ఫోనుల పిన్నునకును రెండు నల్లగీతలు, మూడు భాగములే. కాని హెడ్‌ఫోనులలో కొన భాగము ఎడమ ధ్వనిని, నడిమి భాగము కుడి ధ్వనిని మోయును. మొదలు రెంటికి ఉమ్మడి. మైకు తీగలో అట్లు గాదు. పొడవాటి తీగలు దారిలో కరెంటు రొదను పీల్చుకొనును. ఆ రొదను తీసివేయుటకు, మైకు ధ్వనిని ఒక పాయలో నిటారుగను, రెండవ పాయలో తలక్రిందుగను పంపుదురు. రొద రెండు పాయలమీద సమానముగా పడును. మిక్సరు ఒకదానినుండి రెండవదానిని తీసివేయును. సమానముగా నున్న రొద పోవును. ఎదురెదురుగా నున్న ధ్వని రెట్టింపగును. ఒకే లిపిలో వ్రాసిన రెండు భాషల వలె, పిన్ను ఒకటే, అర్థము వేరు.

ఎనిమిదవ తరగతివారు ఈ లెక్కను చేయగలరు. రెండు మైకులకు సమానముగా వచ్చిన ధ్వనిని 'మ' అనుకొందము. ఎడమ కుడులకు వేరుపడిన భాగమును 'వి' అనుకొందము. ఎడమ తీగలో మ + వి, కుడి తీగలో మ − వి ఉన్నవి. మిక్సరు చేసిన పని: (మ + వి) − (మ − వి) = 2వి. 'మ' యెక్కడ? పోయినది. పియానోలో రెండు మైకులకును సమానముగా వచ్చునవి నడిమి స్వరములే యని పైన చెప్పియుంటిని. పాట నడచినది వాటిమీదనే. ఆ బాలిక యెంత గట్టిగా నొక్కిన అంత బలముగా రెండు పాయలలోను సమానమైన ధ్వని పోవుచుండెను. దానిని యంత్రము రొద యని యెంచి అంత నిక్కముగను తుడిచివేయుచుండెను. ఆమె చెవులలో వినబడినది సరియైన పాట. ఆమె యట్లే చెప్పినది.

మందు ఎనుబది రూపాయల తీగ. ఒక కొనను మూడు భాగముల పిన్ను, రెండవ కొనను రెండు వేరు పిన్నులు. ఎడమది ఒక రంధ్రమునకు, కుడిది ప్రక్క రంధ్రమునకు. అప్పుడు మిక్సరు తీసివేయక, కూడును: (మ + వి) + (మ − వి) = 2మ. ఇందు 'వి' కొంత నష్టమగును గాని పాట నిలుచును. రెండింటిని రెండు స్పీకర్లకు వేరుగా పంపినచో ఆ నష్టమును లేదు. సాయంకాలమునకు శాలలో పియానో పియానోవలె మ్రోగెను. అమ్మివేయుమనిన పెద్దలలో నొకరు ఆ దారిని పోవుచు తలుపునొద్ద నిలిచి కొంతసేపు వినిరి. హార్మోనియముల మాట మరల నెత్తలేదు.

సోమవారము నేను తొమ్మిదవ తరగతికి బోయి, నల్లబల్లమీద ఈ లెక్కను వ్రాసి, ఆనాడు అభ్యాసము చాలలేదని నేనన్న మాట తప్పనియు, బాలిక చెప్పినదే ఒప్పనియు, అందరు వినుచుండగా చెప్పితిని. ఆమె కొంతసేపు లెక్కను చూచి, "అయితే మాస్టారూ, మంద్రము ఎడమ మైకులో ఎక్కువ, కుడిదానిలో తక్కువ కాబట్టి పూర్తిగా కొట్టుకొనిపోలేదు, అంతేనా?" అని యడిగెను. అంతే. నేను వివరింపబోవుచున్న దానిని ఆమెయే చెప్పినది. మరునాటినుండి ప్రక్కగదిలో అటుకులు దంచుచున్న చప్పుడు మొదలైనది. వారమునకు ఒక దినము మాత్రము, వసతిగృహపు పిల్లలు ఆటలాడు వేళ, హెడ్‌ఫోనులు లేక, తలుపులు తెరచి, శాలలోని స్పీకర్లతో వాయించవలెనని ఏర్పాటు చేసికొంటిమి. ఆనాడు ఒకరు వాయింతురు. ఒకరు శాల చివరకు నడచిపోయి, అక్కడ ఎట్లు వినబడుచున్నదో వచ్చి చెప్పుదురు.

పాత తీగ ఇప్పుడు ఆ గది గోడకు మేకునుండి వ్రేలాడుచున్నది. మైకునకు అది మంచి తీగయే గనుక పారవేయలేదు. పొరబాటున నెవ్వరును మరల పియానోకు తగిలింపకుండ దానికి ఒక అట్టముక్క కట్టబడియున్నది. దానిమీద ఆ బాలిక దస్తూరితో "మ − మ = 0" అని వ్రాసియున్నది.